నిమిషం పదకొండు సెకన్ల ఊపిరి

శనివారం పొద్దున పది కొట్టగానే డ్రేటన్ మంగలి షాపులో క్షవరాలు ఆగిపోతాయి. సగం గెడ్డం గీయించుకున్నవాడు సగం గెడ్డంతోనే కూర్చోవాలి. అర్జెంటు పనుందయ్యా అని ఎవడైనా గొణిగితే, డ్రేటన్ వాడి ముక్కు దగ్గర కత్తెర ఆడించి, "అర్జెంటుగాళ్ళు శుక్రవారం రావాలి" అంటాడు. ఒకసారి మేయరంతటివాడు ఒక చెంప నున్నగా, ఒక చెంప నురుగుగా గంటన్నర కూర్చుని, కిక్కురుమనకుండా విని వెళ్ళాడు.

ఉత్తర ఫిలడెల్ఫియాలో శాక్సఫోన్ వినడం తెలిసిన చెవులన్నీ ఆ వేళకి ఆ షాపులోనే ఉంటాయి. రికార్డు పెట్టేముందు డ్రేటన్ నేలంతా తుడుస్తాడు. తుడవకపోతే కత్తిరించిన జుట్టు లేచి కాఫీ కప్పుల్లో పడుతుంది. ఎందుకంటే స్పీకర్లోంచి పాటతోపాటు, వాయించినవాడి ఊపిరి కూడా వస్తుంది.

సైలస్ బూన్ ఊపిరి వేడిది. ఉల్లిపాయ, జిన్ కలిసిన వాసన. అది తగిలితే గెడ్డం మీది సబ్బు ఎండి పెచ్చులు కట్టేది. ఆంబ్రోజ్ లైల్స్‌ది ఐసుపెట్టె తలుపు తీసినట్టు ఉంటుంది. ఒక ఆగస్టు ఎండల్లో ఆంబ్రోజ్ రికార్డులు వరసగా నాలుగు పెట్టి, తలుపులు బార్లా తీసి, కొలంబియా ఎవెన్యూ మొత్తాన్ని చల్లబరిచారు. మూడు వీధుల అవతల ఐస్‌క్రీం బండివాడు వ్యాపారం మూసేసి మేనమామ ఊరికి పోయాడు.

"టోనంటే సైలస్‌దయ్యా" అన్నాడు ఆ శనివారం డీకన్ మోజ్లీ. చర్చిలో పెద్ద మనిషి, షాపులో పెద్ద గొంతు. "వేడి మొక్కజొన్న రొట్టె మీద వెన్న కరిగినట్టు జారుతుంది."

"వెన్నా నా బొందా! ఒక్క స్వరం పట్టుకుంటే భోజనాల వేళదాకా వదలడు. ఆంబ్రోజ్‌ని విను. సూదిలో దారం ఎక్కించినట్టు వాయిస్తాడు" అన్నాడు డ్రేటన్.

"దారమే! దారంతో కోటు కుట్టుకోవచ్చు డ్రేటన్. ఉత్త దారం తొడుక్కుని చర్చికి రాగలవా?"

షాపు గొల్లుమంది. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న వెర్నెల్ గాస్కిన్స్ మాత్రం నవ్వలేదు.

అదే మేడ మీద మూడో అంతస్తులో ఉంటుందావిడ. ముప్పై ఏళ్ళు ఇరవై మూడో నంబరు బస్సు నడిపింది. ఆవిడ బ్రేకు తొక్కితే వాన కూడా ఓ క్షణం ఆగేదని చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు అరవయ్యారేళ్ళు. ఊపిరితిత్తులు చేతులెత్తేశాయి. ముక్కులో గొట్టం, పక్కన చక్రాల మీద ఆక్సిజన్ సిలిండరు. దానికి 'మొగుడు' అని పేరు పెట్టింది. వెంట తిరుగుతాడు, మాటాడడు, లేకపోతే బతకనివ్వడు అనేది.

సైలస్ గొప్పా ఆంబ్రోజ్ గొప్పా అని ఎంత కొట్టుకున్నా, ఒక్క చోట మాత్రం అందరిదీ ఒకటే మాట. భూమి మీద ఇంతవరకు పడ్డ శాక్సఫోన్ సోలోలన్నిటిలోకీ గొప్పది థర్మన్ ప్రూయిట్ రికార్డు 'తొమ్మిదో నంబరు ట్రాలీ'లో ఉంది. నిమిషం పదకొండు సెకన్లు. ఆ వీధి కుర్రాడే ప్రూయిట్. పంతొమ్మిదొందల యాభై ఎనిమిదిలో వచ్చిన ఆ రికార్డుతోనే దేశాలు తిరిగాడు, పోయినప్పుడు శవపేటిక వెంట రెండు మైళ్ళ జనం.

ఆ సోలోలో ఒక్క చిక్కుంది. ప్రూయిట్ ఇస్లాం పుచ్చుకున్న మనిషి, పంది మాంసం ముట్టడు. ఆయన మిగతా రికార్డులన్నీ పిప్పరమెంటు వాసన. ఇందులో మాత్రం పెనం మీద కరకరలాడే స్క్రాపుల్ వాసన గుప్పుమంటుంది. పంది ముక్కలూ మొక్కజొన్న పిండీ కలిపిన ఆ వేపుడు తెలియని ముక్కు ఆ ఊళ్ళో లేదు.

"ఆ పొద్దున సైతాను నెగ్గాడు. తప్పు చేసి వచ్చినవాడు తప్ప అలా ఏడుస్తూ వాయించలేడు" అని డీకన్ తేల్చాడు. దాని మీద చర్చిలో రెండు ప్రసంగాలు కూడా చేశాడు. ప్రూయిట్ ఆ పాటని మళ్ళీ ఏ వేదిక మీదా వాయించలేదు. రెండోసారి వాయిస్తే మొదటిది చిన్నబోతుందని డ్రేటన్ చెప్పేవాడు. అందరూ తలలూపేవాళ్ళు.

ఆ రికార్డు పెట్టినప్పుడల్లా వెర్నెల్ మొగుణ్ణి ఈడ్చుకుంటూ బయటికి నడిచేది. ఆవిడకి ప్రూయిట్ అంటే గిట్టదు కాబోలు అనుకునేవాళ్ళు.

ఆ శనివారం షాపు పక్క గోడకి పరంజా కట్టి ఉంది. మూడంతస్తుల గోడ నిండా వీధి మొత్తానికీ గొప్ప శాక్సఫోన్ మనిషి బొమ్మ వేయడానికి ఐనెజ్ అనే చిత్రకారిణి వచ్చింది. మధ్యాహ్నానికల్లా షాపువాళ్ళు పేరు చెప్పాలి. రంగులు తొట్లలో కలిపి సిద్ధంగా ఉన్నాయి.

"ఇందులో ఆలోచించేదేముంది? ప్రూయిట్! 'ట్రాలీ' పెట్టి, ఓసారి విని, చేతులెత్తి ఓటేద్దాం" అన్నాడు డ్రేటన్, అట్టలోంచి రికార్డు తీస్తూ.

వెర్నెల్ లేచింది. అందరూ తలుపుకి దారిచ్చారు. ఆవిడ తలుపు వైపు వెళ్ళలేదు.

"ఆ సోలో నాది" అంది.

డీకన్ మోజ్లీ నిట్టూర్చాడు. "అమ్మా వెర్నెల్, మళ్ళీ మొదలుపెట్టకు."

"ముప్పై ఏళ్ళ కిందట ఇక్కడే నించుని చెప్పా. అందరూ నవ్వారు. తమరైతే నవ్వీ నవ్వీ కుర్చీలోంచి కింద పడ్డారు."

"కుర్చీ విరిగింది!"

"నేను మాత్రం నవ్వలేదు డీకన్. ఆ రికార్డు చేసిననాడు నాకు పంతొమ్మిది. వాయిద్యాలు బాగుచేసే కొట్లో మీటల కింద తోలు బిళ్ళలు మార్చే పని. ప్రూయిట్ శాక్సఫోన్ బాగుచేసి స్టూడియోకి పట్టుకెళ్ళా. ఆ పొద్దునే పన్ను పీకించుకొచ్చి, దవడ బన్నులా పొంగి కూర్చున్నాడు. ఊదే రీడు నోట్లో పట్టదు. సరిగ్గా పలుకుతోందో లేదో నేను ఊది చూపించా. బ్యాండు నా వెంట అందుకుంది, రికార్డింగు నడుస్తూనే ఉంది, చూపించడం అయ్యేసరికి సోలో అయిపోయింది. వాయిద్యగాళ్ళ యూనియన్ కార్డు లేని ఆడపిల్ల పేరు లేబుల్ మీద వెయ్యకూడదన్నారు. వచ్చేసారి వేస్తామన్నారు." గొట్టంలోంచి గాలి పీల్చుకోవడానికి ఆగింది. "ఆ వచ్చేసారి ఇంకా రాలేదు. ఇప్పుడేమో నా కిటికీ కిందే వాడి మొహం వేస్తారట. నా ఊపిరికి వాడి మొహం! రోజూ దాని పక్కనుంచి నేను మెట్లెక్కాలా?"

"సాక్ష్యం ఏదీ వెర్నెలూ?" అన్నాడు డ్రేటన్, కాస్త మెత్తగానే. "ప్రూయిట్ పోయాడు, స్టూడియో కూలిపోయింది..."

"సాక్ష్యం నీ చేతిలోనే ఉంది. పెట్టు."

ఆవిడ కుర్చీ ఈడ్చుకొచ్చి స్పీకరుకి మూరెడు దూరంలో వేసుకుంది. ముక్కులోంచి గొట్టం పీకి సిలిండరు మెడకి చుట్టింది.

"మిస్ వెర్నెల్, వద్దండీ!" అని ఐనెజ్ పరిగెత్తుకొచ్చింది.

"నువ్వు కుంచె పట్టుకో తల్లీ. నలభై ఏడేళ్ళుగా ఈ పాట మొదలైతే లేచి బయటికి నడిచేదాన్ని. ఇవాళ కదిలేది లేదు. దించవయ్యా సూది!"

డ్రేటన్ దించాడు.

పియానో నాలుగు మెట్లు దిగింది. డ్రమ్ము అందుకుంది. సోలో మొదలయ్యే చోటికి అందరూ అలవాటుగా కాఫీ కప్పుల మీద అరచేతులు మూశారు. గాలి వచ్చింది. కానీ క్యాలెండరు కాగితం కదల్లేదు. తువ్వాళ్ళు కదల్లేదు. స్క్రాపుల్ వాసన డీకన్ ముక్కు కిందనుంచి వెళ్ళింది, ఆయన్ని పలకరించకుండానే. ఆ గాలంతా తాడు పేనినట్టు ఒక్కటై, పొద్దుపోయాక ఇల్లు చేరిన పిల్లలా గబగబా వెర్నెల్ నోట్లోకి దూరింది.

ఆవిడ అడగాలనుకున్నది ఒక్క గుక్క. వచ్చింది మొత్తం.

నిమిషం పదకొండు సెకన్లు ఆవిడ పీలుస్తూనే ఉంది. వదిలితే ఒట్టు. వంగిన వీపు నిలువయింది. నీలంగా ఉండే గోళ్ళు ఎర్రబడ్డాయి. హౌస్‌కోటు మూడో బొత్తాం తెగి, తుపాకీ గుండులా వెళ్ళి ఎదుటి అద్దానికి తగిలింది. నమ్మనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు, ఆ పగులు ఇప్పటికీ ఉంది.

తర్వాత వదిలింది. పదకొండు టోపీలు లేచి ఫ్యానుకి చుట్టుకున్నాయి. వీధిలో ఇరవై మూడో నంబరు బస్సు అర గజం వెనక్కి జరిగిందని డ్రైవరు ఒట్టేశాడు. వాడు మొహమాటస్తుడు, నిజానికి గజం.

డీకన్ కళ్ళు మూసుకుని వాసన చూశాడు. "స్క్రాపుల్" అన్నాడు నీరసంగా.

"ఆ పొద్దున దాని మీద ఆపిల్ మురబ్బా కూడా వేసుకు తిన్నా" అంది వెర్నెల్, ఒక్క దగ్గయినా రాకుండా. "మీ ముక్కు ఎప్పుడూ సగమే పట్టుకుంటుంది."

డ్రేటన్ సూది మళ్ళీ మొదటికి పెట్టాడు. పియానో ఉంది. డ్రమ్ముంది. సోలో రావలసిన చోట, పన్ను ఊడిన చిగురులా, నిమిషం పదకొండు సెకన్ల ఖాళీ. డీకన్ ఇంటికి పరిగెత్తి తన రికార్డు పెట్టి చూసుకున్నాడు. అక్కడా ఖాళీ. రేడియో స్టేషనుకి ఫోను చేశారు. అక్కడా అంతే.

"ఎంత పని చేశావమ్మా!" అన్నాడు డ్రేటన్, ఏడుపు గొంతుతో. "ప్రపంచంలోకెల్లా గొప్ప సోలో..."

"అయితే ఒప్పుకున్నట్టేగా? నాది నేను తీసుకున్నా."

"మరి మేమేం వినాలి?"

"మూడో అంతస్తు. వచ్చే శనివారం. తలుపు తీసే ఉంటుంది."

ఐనెజ్ కిటికీ అవతల గోడ మీద, ఎలాగూ ప్రూయిటే అని ముందే బొగ్గుతో గీసేసిన మీసాలు అప్పటికే తడిగుడ్డతో తుడిచేస్తోంది. "మీ పంతొమ్మిదేళ్ళప్పటి ఫొటో ఉందా, మిస్ వెర్నెల్?"

"ఉంది. ఇవ్వను. ఇలాగే వెయ్యి. హౌస్‌కోటు, గెడ్డం కింద ఈ ముడత, ఊడిన బొత్తాం, అన్నీ."

"మరి సిలిండరు?"

"మొగుణ్ణి వదిలేశా."

మరుసటి శనివారం పది గంటలకి డ్రేటన్ షాపు ఖాళీ. సగం గెడ్డాల మనుషులు మెట్ల మీద వరస కట్టారు. డీకన్ మోజ్లీ నాలుగు చోట్ల ఆగి ఆయాసం తీర్చుకుని, చివరికి పైకి చేరాడు. మంచం కింద నలభై ఏడేళ్ళు పడుకున్న శాక్సఫోన్‌కి వెర్నెల్ తన చేత్తోనే కొత్త తోలు బిళ్ళలు వేసుకుంది. గది నిండా స్క్రాపుల్ వాసన. ఈసారిది పొయ్యి మీదిదే.

"మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా ఆ సోలోనే వాయించు వెర్నెలూ. ఒక్కటి మార్చినా నాకు తెలిసిపోతుంది" అన్నాడు డ్రేటన్, నేల మీద చోటు చూసుకుంటూ.

"అది పంతొమ్మిదేళ్ళ పిల్ల వాయించింది. మీరంతా విన్నారు, వాడి పేరు పెట్టుకున్నారు" అంది వెర్నెల్, రీడు నాలుకతో తడుపుతూ. "ఈ అరవయ్యారేళ్ళదేం వాయిస్తుందో ఇంతవరకు ఎవడూ వినలేదు. కూర్చోండి. టోపీలు పట్టుకోండి."

డీకన్ మోజ్లీ తన టోపీని రెండు చేతులా పట్టుకున్నాడు.