తిన్నావా అని అడిగిన ప్రకటన

ప్రేమ అనే మాట వాడకూడదు. ఆ ఆఫీసులో అది మొదటి నియమం. ఒంటరి మనుషులకు జోడీ వెతికిపెట్టే యాప్ వాళ్ళది. అయినా ఫోన్ తెర మీద టింగుమని వచ్చి పడే ప్రకటనలో ప్రేమ అని కనపడిందంటే చాలు, జనం దోమను తోలినట్టు తోలేస్తారు. శీర్షిక పొడుగ్గా ఉండకూడదు, తెర దాన్ని సగంలోనే కోసేస్తుంది. చెప్పడం కన్నా అడగడం మేలు. పచ్చి అబద్ధం ఆడకూడదు గానీ, చదివినవాడు తనంతట తానే ఏదో ఊహించుకుంటే ఆ పాపం కంపెనీది కాదు.

ఈ నియమాలన్నీ కంఠతా పట్టిన మనిషిని ఆఫీసులో అందరూ శీర్షికమ్మ అనేవారు. ఆమె కూడా ఆ పేరుకే పలికేది. పుట్టినప్పుడు పెట్టిన పేరు జీతం కాగితాల్లో తప్ప మరెక్కడా పనికి రావడం లేదు.

అక్కడి పద్ధతి ఇదీ. ప్రతి ప్రకటనకూ రెండు శీర్షికలు తయారు చేస్తారు. ముందుగా ఒక్కోదాన్నీ కొంతమందికి పంపి చూస్తారు. ఎక్కువమంది దేన్ని నొక్కితే అది గెలిచినట్టు, మర్నాడు మిగతా జనమంతా దాన్నే చూస్తారు. ఓడినదాని మొహం మళ్ళీ ఎవరూ చూడరు. ఆమధ్య దాకా రెండూ శీర్షికమ్మే రాసేది, అంచేత ఏది గెలిచినా ఆమే గెలిచేది. ఇప్పుడు ఒకటి కంప్యూటర్ రాస్తోంది. కొన్నాళ్ళుగా అదే గెలుస్తోంది కూడా.

మేనేజర్ మెత్తగా మాట్లాడే మనిషి. చెడ్డ కబురు తెచ్చిన రోజున మరీ మెత్తగా మాట్లాడతాడు.

"ఏం లేదండీ, ఈసారి కూడా అదే గెలిస్తే మీకు వేరే పని చూడాల్సొస్తుంది. ఎక్కడ చూడాలో నాకూ తెలీదనుకోండి."

కంప్యూటర్ అప్పటికే తన వంతు రాసేసింది: 'మీకు దగ్గర్లోనే ఎవరో ఎదురు చూస్తున్నారు'. బాగానే ఉంది, చెడ్డా లేదు. శీర్షికమ్మ రాసి కొట్టేసి, మళ్ళీ రాసి, బుర్ర వేడెక్కి కూర్చుంది. మధ్యాహ్నమైంది. ఫోన్ టింగుమంది.

'తిన్నావా?'

బాబాయ్. కళ్ళజోళ్ళ షాపులో పని ఆయనకి. బేరాలు పల్చబడే వేళ చూసుకుని రోజూ ఆ ఒక్క మాటే పంపుతాడు. రోజూ ఆమె దాన్ని తెరవకుండా బొటనవేలితో పక్కకు తోసేస్తుంది. సాయంత్రం ఎలాగూ ఒకే ఇంటికి చేరతారు, ఇక జవాబెందుకని ఆమె లెక్క. అమ్మానాన్నా పోయినప్పుడు ఆమెను తెచ్చుకుని పెంచింది బాబాయే. చిన్నపిల్ల ఇంట్లో ఉందని అప్పట్లో పెళ్ళి వాయిదా వేశాడు. తర్వాత ఎవరైనా ఆ ఊసెత్తితే నవ్వి మాట మార్చేసేవాడు.

ఆవేళ తోయబోయిన వేలు ఆగింది. ఆమె ఆ మాటను అలాగే ఎత్తి తన శీర్షికగా పెట్టింది.

మేనేజర్ చూసి తల గోక్కున్నాడు. "ఇదేంటండీ? ఇందులో జోడీ ఏదీ? యాప్ ఏదీ?"

"ఎవరో ఒకరు అడుగుతున్నారు కదండీ. అది చాలు."

చాలింది. కంప్యూటర్ శీర్షిక మట్టి కరిచింది. అంతమంది ఒక ప్రకటనను నొక్కడం ఆ ఆఫీసు పుట్టాక లేదట. "కంప్యూటర్ చేత మూడు చెరువుల నీళ్ళు తాగించావు గదే శీర్షికమ్మా!" అంటూ పక్క బల్ల అమ్మాయి వీపు చరిచింది. మర్నాడు మధ్యాహ్నం ఆ మాట లక్షల ఫోన్లకు వెళ్ళింది. శీర్షికమ్మ ఉద్యోగం నిలబడింది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళేసరికి బాబాయ్ తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నీకొకటి చూపిస్తా, నవ్వకూడదు" అన్నాడు. "కింద దర్జీ లేడూ, వాడు వద్దన్నా వినకుండా ఇందులో ఏదో ఎక్కించాడు. మనుషుల్ని కలిపేదట. నేనూ సరదాకే ఊరుకున్నాననుకో. ఇవాళ చూడు, ఎవరో అడిగారు."

ఫోన్‌ను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, పైకి చదివాడు. "తిన్నావా, అని."

శీర్షికమ్మ వంగి తెర చూసింది. అది తమ యాపే.

"నొక్కితే ఏవో ఫొటోలొస్తున్నాయి, డబ్బు కట్టమంటోంది. జవాబు రాసే చోటు మాత్రం కనపడ్డం లేదమ్మా. కాస్త చూసిపెట్టు. తిన్నానని చెప్పాలి గదా, పాపం ఆవిడ కనుక్కుంది."

అప్పుడే ఆ 'ఎవరో' కాస్తా ఆవిడ అయిపోయింది. యాప్ పాడైందని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. అలాంటి ముక్కలు రాయడమే ఆమె పని. కానీ ఆ ఇస్త్రీ చొక్కా ముందు అది నోట రాలేదు. ఆమెకు సిగ్గేసింది.

"బాబాయ్, అది మనిషి కాదు. ప్రకటన. నేనే రాశాను."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నువ్వా? నాకా?"

"అందరికీ."

"ఓహో." ఫోన్ బోర్లా పెట్టాడు. "బాగా రాశావే. నేను నమ్మేశాను." ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. "మరి ఇలాంటివి వస్తే ఏం చెయ్యాలంటావ్?"

"తెరవకుండా పక్కకు తోసెయ్. అందరూ చేసేది అదే."

"సరేలే" అని చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

మర్నాడు మేనేజర్ హుషారుగా వచ్చాడు. "'ఇంటికి చేరావా?', 'నిద్రపోయావా?'... ఇలాంటివి ఇంకొన్ని వదలండి మేడమ్!" ఆమె తలూపింది గానీ ఏమీ రాయలేదు. మధ్యాహ్నం టింగుమనగానే చటుక్కున ఫోన్ అందుకుని తెరిచింది. 'తిన్నావా?' అనే ఉంది. అది ఆమె సొంత ప్రకటనే, రెండో రోజు కూడా వదిలారు. పనితీరు చూడ్డానికి ఆఫీసువాళ్ళ ఫోన్లకు కూడా పంపుతారు.

బాబాయ్ నుంచి ఏమీ రాలేదు. భోజనాల వేళ దాటిపోయింది. డబ్బా మూత తియ్యకుండా ఆమె అలాగే కూర్చుంది. చివరికి షాపుకి ఫోన్ చేసింది.

"ఏమ్మా, ఈ వేళప్పుడు చేశావ్? ఒంట్లో బాగానే ఉందా?"

"బానే ఉంది. ఇవాళ మెసేజ్ పెట్టలేదేం బాబాయ్?"

"ఏ మెసేజ్?"

"రోజూ పెడతావే, అది."

"ఓ, అదా." ఎవరికో అద్దాల పవర్ చెబుతున్నంత మామూలుగా ఉంది ఆయన గొంతు. "నేను పంపేవి నువ్వు తెరిచినట్టు ఫోన్ ఏనాడూ చూపించలేదమ్మా. పనిలో ఉంటావులే, తర్వాత చూస్తావులే అనుకునేవాణ్ణి. ఇలాంటివి తెరవకుండా తోసేస్తారని నిన్న నువ్వే చెప్పావు గదా. ఇంకెందుకూ, నీకు ఊరికే అడ్డమని మానేశాను."

అందరి చేతా నొక్కించే మాటలు రాసే మనిషి ఈసారి ఏమీ అల్లలేదు. ఉన్నదే చెప్పింది.

"బాబాయ్, నేనింకా తినలేదు."

అవతల ఆయన గయ్యిమన్నాడు.

"ఇంకా తినలేదా! టైమెంతైందో చూసుకున్నావా? కడుపు మాడ్చుకుని ఎవర్ని ఉద్ధరిద్దామని? ముందు ఫోన్ పెట్టేసి తిను. తిన్నాక చెప్పు."

ఆమె డబ్బా తెరిచి, చల్లారిపోయినదంతా మెతుకు మిగల్చకుండా తింది. చెయ్యి కడుక్కొచ్చి రాసింది: 'తిన్నాను బాబాయ్. నువ్వు తిన్నావా?'

వెళ్ళింది. ఆయన తెరిచినట్టు ఫోన్ ఇంకా చూపించడం లేదు. షాపులో బేరాలున్నాయేమో. శీర్షికమ్మ ఫోన్ కింద పెట్టకుండా చూస్తూ కూర్చుంది.