ప్రెసిడెంట్‌కు గోకితే ఇష్టం

నాచారం మురుగునీటి నాలా అవతల నాకు పదకొండు పందులున్నాయి. వాటికి పేర్లు పెట్టేది నా భార్య వెంకటనర్సమ్మ. ఏ పందిలో ఎవరి గుణం కనిపిస్తే వాళ్ల పేరే పెడుతుంది. పందికి కోపమొస్తే కొరుకుతుంది, మనిషిలా మనసులో పెట్టుకోదు. అందుకే వాటి దగ్గర ఆమెకు మొహమాటం లేదు. అన్నిటికన్నా పెద్ద మగపందికి ‘ప్రెసిడెంట్’ అని పెట్టింది. ఆ పేరు వినిపిస్తే చాలు, చెవులాడించుకుంటూ వచ్చేస్తుంది.

అసలు ప్రెసిడెంట్ పక్క కాలనీలో ఉంటారు, అక్కడి కాలనీ సంఘానికి పెద్ద. పేరు రామచంద్రరావు, రిటైరైన హెడ్మాస్టరు. వాసన వస్తోంది, పందుల్ని ఎత్తేయించండని కాలనీవాళ్లు అర్జీ రాశారు. దాని మీద ఆయన సంతకం పడితే మా బతుకు రోడ్డు మీదే. ఆదివారం పొద్దున ఆయనే చూడటానికి వస్తున్నారని తెలిసి, దొడ్డంతా నాలుగుసార్లు కడిగాను. భార్యకు ఒకటే చెప్పాను.

“ఉత్తగ సారు అను. ఇంకో మాట నోట్లకెల్లి రావద్దు.”

“నాకు ఎర్క లేదా?” అంది.

పాపం, ఆమె నోరు అదుపులోనే ఉంది. కొంప ముంచింది ఆయన వెంట వచ్చిన సెక్రటరీ కనకమహాలక్ష్మి. కోస్తా మనిషి, గొంతు పెద్దది. ముందుగా లోపలికొచ్చి, “ప్రెసిడెంట్ గారూ, ఇటు రండి! ఎంత శుభ్రంగా ఉందో చూడండి!” అని కేకేసింది.

ఇద్దరు ప్రెసిడెంట్లూ వచ్చారు. ఒకరు నడిచి, ఒకరు పరుగెత్తి. పంది తడిక నెట్టుకొచ్చి, సారు కాళ్ల ముందు దబ్బున పక్కకు పడి, పొట్ట చూపించి, గోకమని గుర్రుమంది.

“దీని పేరేంది?” అన్నారు సారు.

నేను నేల చూశాను. వెంకటనర్సమ్మకు అబద్ధం చేతకాదు.

“ప్రెసిడెంటే సారు. తిండికాడ ఎవర్నీ ముంగటికి రానియ్యది. గని పిలిస్తే పలుకుతది.”

సారు మెల్లగా వంగి, పంది పొట్ట గోకారు. అది కళ్లు మూసుకుంది.

“నాలుగేండ్ల నుంచి ప్రెసిడెంట్‌ను. మీటింగ్‌కు పిలిస్తే ఎంతమంది వచ్చిన్రమ్మా?” అని సెక్రటరీని అడిగారు.

“మీరూ నేనూ అండీ.”

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. జేబులోంచి అర్జీ తీసి రెండుగా చింపేశారు. నాకు సంతోషం కన్నా ముందు ఆయన మీద జాలేసింది.

“పేరు మారుస్తం సారు, ఇయ్యాల్నే,” అన్నాను.

“వద్దు హన్మయ్యా. వచ్చే నెల ఎలక్షన్లు. నేనెట్లాగూ ఓడిపోత. ఇదన్నా ప్రెసిడెంట్‌గ ఉండనీ.”