నాభికి కాపలా

కర్నూలు రాజధాని అయిన ఏడు మా ఊరికి మనుషుల కంటే డేరాలు ఎక్కువ వచ్చినాయి. డేరాల్లో ఆఫీసులు, ఆఫీసుల్లో ఫైళ్లు, గాలికి లేచిపోకుండా ఫైళ్ల మీద రాళ్లు. అట్లాంటి ఒక డేరాలో మా ఆయన గుమాస్తా. ఆయన పైన పరాంకుశం గారని కోస్తా నుంచి వచ్చిన తోటల ఆఫీసరు. రాజధానికి అందం తేవడం ఆయన ఉద్యోగం. కష్టమైన ఉద్యోగమే.

వచ్చిన వారంలోనే ఆయనకు కల్లూరు దోవలో ఒక చేని కంచె మీద నాభి పూలు కనబడినాయి. వానలు వెనకబట్టి పూత ఆఖరుకొచ్చిన రోజులు. అడుగున పసుపు, అంచున ఎరుపు, రేకులన్నీ పైకి విరుచుకొని మంట లేచినట్టుంటుంది ఆ పూవు. మా పక్క దాన్ని ఎవరూ నిలబడి చూడరు. గడ్డ నిండా విషం, మేక కూడా ముట్టదు. చేలో మొలిస్తే రైతు దున్ని పారేస్తాడు. కంప కంచె కిందికి మడక పోదు కాబట్టి అక్కడ మాత్రం బతుకుతుంది.

"ఎవరో తెల్లదొర ఇంగ్లండు నుంచి తెచ్చి నాటి ఉంటాడు. ఇంత అందం ఈ ముళ్లలో దానంతటదే పుడుతుందా?" అన్నారట పరాంకుశం గారు.

"ముండ్లలోనే పుడ్తాది దొరా. దాన్నెవరూ నాటరు," అన్నాడు వెంట ఉన్న తోటమాలి లేవి.

ఆయన నమ్మలేదు. ఇంగ్లీషు పుస్తకం తిరగేసి అది లిల్లీ జాతిదని కనుక్కున్నాక దానికి హోదా వచ్చింది. మరుసటి అక్టోబరులో రాష్ట్రానికి ఏడాది నిండే పండుగ. ఆ రోజు ఆఫీసు ముందర గుండ్రటి మడి నిండా ఈ లిల్లీ పూయాల. పూస్తే లేవి ఉద్యోగం పర్మనెంటు, పూయకపోతే ఇంటికి.

లేవి కల్లూరు మనిషి. అతని పెండ్లాం జీవమ్మ మా ఇంట్లో పని చేస్తుంది. కరువులో ఇద్దరూ పిల్లల్ని వేసుకొని గంజి కేంద్రం ముందర వరసలో నిలబడినవాళ్లు. మళ్లీ ఆ వరసలోకి పోకుండా ఉండటమే వాళ్లకు పర్మనెంటు అంటే.

ఎండాకాలం గడ్డలు తవ్వి తెచ్చి, తొలకరికి నాటినాడు లేవి. ఆషాఢానికి తీగలొచ్చినాయి. నాభికి పందిరి పనికిరాదు, గుంజ పనికిరాదు. ఆకు కొస సన్నగా చుట్టుకొని, కంప పుల్లను దొరకబుచ్చుకొని లేస్తుంది. పరాంకుశం గారు దానికోసం మణికట్టంత లావు ఇనప గొట్టాలు పాతించి తెల్లరంగు కొట్టించినారు. తీగలు వాటిమీద జారి, కల్లు తాగినవాళ్ల మాదిరి మడిలో పడుకున్నాయి.

"కొంచెం రేగు కంప వేయిస్తే లేస్తాది దొరా," అని లేవి అడిగితే ఆయనకు కోపమొచ్చింది. "రాజధానిలో కంపా? ఉన్న ముళ్లు తీయించమని కదయ్యా నన్ను వేసింది!"

లేవి వచ్చి మా వసారాలో కూలబడినాడు. "నాకు నూకలు చెల్లినాయమ్మా."

"పూవుకోసం కంప అడిగితే ఇయ్యరు లేవీ. మేకకు అడ్డమంటే ఇస్తారు."

"ఆడికి మేకలు రావు గదమ్మా?"

"వస్తాయిలే. దేవుడున్నాడు."

దేవుడి సంగతేమో గానీ, ఆ పొద్దు మా మేకను కట్టేసింది జీవమ్మ. ముడి గట్టిగా లేదని మళ్లీ సరిచేసింది నేను. మధ్యాహ్నానికల్లా అది ఆఫీసు ముందరి బెంగుళూరు గులాబీలు మొదలంటా మేసి, బంతి నారు నమిలి, నాభి దగ్గరికి పోయి వాసన చూసి, ఒక తుమ్ము తుమ్మి పక్కకు వచ్చేసింది.

సాయంత్రం పరాంకుశం గారు మా గడప ముందు నిలబడినారు. "ఏమమ్మా, మీ మేక గవర్నమెంటు తోట తినేసింది!"

"చదువు లేని మేకండీ. కంచె ఉంటే మా ఊరి మేకలకు అర్థమవుతుంది. లేకపోతే రమ్మన్నారనుకుంటాయి."

మర్నాడు రెండు బండ్ల కంప దిగింది. లేవి మడి చుట్టూ వేసి, మడి లోపలా పరిచినాడు. "లోపల ఎందుకయ్యా?" అని పరాంకుశం గారంటే, "మా మేకలు ఎగిరి దుముకుతాయి దొరా," అన్నాడు. తీగలకు పట్టు దొరికింది. అక్టోబరు ఒకటో తేదీకి కంపంతా నిప్పంటుకున్నట్టు పూసింది. వచ్చిన పెద్దమనుషులు ఆగి ఆగి చూసినారు. ముళ్ల మధ్య పూవు అనే ఏర్పాటు ఎవరి ఆలోచన అని ఒకరు అడిగితే, పరాంకుశం గారు సిగ్గుపడుతూ తల వంచుకున్నారట.

నెల తర్వాత ఆర్డరు వచ్చింది. లేవి దాన్ని తువ్వాలలో చుట్టుకొని తెచ్చి నా చేతికిచ్చినాడు. జీవమ్మ కసువు చిమ్మడం ఆపి నిలబడింది.

"తోటమాలి పోస్టు రద్దు," అని చదివినాను. ఇద్దరి మొహాలూ చూడలేక గబగబా కింది వరసలు చదివినాను. "విచారణ మీదట పూవు దానంతటదే పూసినట్టు తేలినందువల్ల. అయితే దానిని కాపాడినది కంచె అయినందువల్ల, కంచె కాపలాదారు పోస్టు ఒకటి మంజూరు. లేవి. పర్మనెంటు."

జీవమ్మ చీపురు పట్టుకొనే ప్రభువుకు స్తోత్రం చెప్పింది. లేవి మాత్రం తల గోక్కున్నాడు. "నాభిని మేకలు తినవు గదమ్మా. నేనేం కాయాల?"

"కంచెను."

"కంచెనెవరు తింటారు?"

"అది ఆర్డర్లో రాయలేదు లేవీ."

యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. డేరాలు, ఫైళ్లు, పరాంకుశం గారు, తెల్ల గొట్టాలు అన్నీ లారీలెక్కినాయి. కంప లారీ ఎక్కదు కాబట్టి దాని కాపలాదారూ ఇక్కడే ఉండిపోయినాడు. ఇప్పటికీ పొద్దున్నే పోయి దాని పక్కన కూర్చుంటాడు. ఎవరన్నా పూలు కోసుకుంటామని వస్తే, "కోసుకోండప్పా, పూలు నా డ్యూటీ కాదు. కంప మాత్రం ముట్టుకోవద్దండి," అంటాడు.