నిచ్చెన అడిగిన సైజు

నాట్యబృందంలో అతన్ని అందరూ నిచ్చెన అంటారు. మనిషి పొడుగు, చేతులు ఇంకా పొడుగు. ఎవరినైనా నడుము పట్టుకుని తల మీదికి లేపి, గాజుగ్లాసును అటక మీద పెట్టినంత జాగ్రత్తగా నిలపగలడు. చేరి రెండు నెలలైనా కాలేదు. అంతకుముందు పదేళ్లు వదులు పైజమాల్లో గంతులేసే నాట్యాలు చేసినవాడు. ఇక్కడ వేదిక మీద మగవాళ్లు వేసుకునేది ఒంటికి అతుక్కుపోయే బిగుతు లాగు. దాని కింద డాన్స్ బెల్టు ఉండి తీరాలి. ముందు మందపాటి గుడ్డ, వెనక సన్నటి పట్టీ, నడుము చుట్టూ వెడల్పాటి ఎలాస్టిక్. గెంతినా గిర్రున తిరిగినా కదలకూడనిదాన్ని కదలనివ్వకుండా పట్టి ఉంచడమే దాని పని.

ఆ బెల్టు ఎంచుకోవడానికి బృందంలో ఒక పద్ధతి ఉంది. దుస్తుల గది పెత్తనం సూది పిన్నిది. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది కాబట్టి ఆ పేరు. కొత్తగా వచ్చిన మగవాడి నడుమూ తుంటీ టేపుతో కొలిచి, మూడు బెల్టులు చేతికిచ్చి కర్టెన్ వెనక్కి పంపుతుంది. ఒక్కొక్కటీ వేసుకుని పదిసార్లు ఎగరాలి. ఇవతల ఆమె పైకి లెక్కపెడుతుంది. పది కాగానే "కదిలిందా, కదల్లేదా?" అని, టీలో చక్కెర సరిపోయిందా అన్నంత మామూలుగా అడుగుతుంది. నిజం చెబితే పని అయిపోతుంది.

ఈ కాస్త పని నిచ్చెన వల్ల కాలేదు. పిన్ని వాళ్లమ్మ వయసు మనిషి, పైగా గదిలో మరో ఇద్దరు ఆడవాళ్లు బొత్తాలు కుడుతూ కూర్చున్నారు. టేపు చూడగానే అతని చెవులు ఎర్రబడ్డాయి.

"కొలవక్కర్లేదు పిన్నీ, నా సైజు నాకు తెలుసు. పెద్దది ఇవ్వండి."

పిన్ని అతన్ని ఎగాదిగా చూసింది. "ఇది నడుం కొలత నాయనా, గొప్పలు చెప్పుకునే కొలత కాదు. నీది మీడియంలా ఉంది. చాలామంది మగమహారాజులు ఇక్కడే బోల్తా పడతారు."

బొత్తాలు కుట్టేవాళ్లు కిసుక్కుమన్నారు. దాంతో మనవాడి బుర్ర పనిచేయడం మానేసింది. ఇప్పుడు మీడియం అని ఒప్పుకుంటే పరువు మూటగట్టి వాళ్ల చేతుల్లో పెట్టినట్టేనని అనిపించింది. మగవాడి తెలివి ఎక్కడ ఆగిపోతుందో చూడండి! "పెద్దదేనండీ" అని, బెల్టు దాదాపు లాక్కున్నంత పని చేసి బయటపడ్డాడు. ఎగరనూ లేదు, ఎవరిచేతా లెక్కపెట్టించుకోనూ లేదు.

ఇంట్లో అద్దం ముందు నిలబడి చూసుకుంటే బాగానే అనిపించింది. నిలబడ్డవాడికి ఏ బెల్టైనా బాగానే ఉంటుంది.

సోమవారం సాధన. ప్రదర్శన చివర్లో ఒక ఘట్టం ఉంది. పిచ్చుక అని అందరూ పిలిచే అమ్మాయి మూల నుంచి ఏడడుగులు పరుగెత్తుకొచ్చి దూకుతుంది. నిచ్చెన ఒక పెద్ద గెంతు గెంతి దిగి, ఆమెను గాల్లోనే అందుకుని పైకి లేపాలి. అతను గెంతాడు, దిగాడు. బెల్టు పక్కకు జరిగింది. నలగకూడనిచోట నలిగింది. ప్రాణం జిల్లుమంది. చేతులు వాటంతటవే కిందికి పోయాయి. అప్పటికే పిచ్చుక గాల్లో ఉంది. అతను తేరుకుని చేతులెత్తేసరికి ఆమె అతని వేళ్లకు తగిలీ తగలనట్టు జారి, మణికట్టు మీద పడింది.

మాస్టారి కళ్లు ఎప్పుడూ దూకేవాళ్ల పాదాల మీదే. "అడుగు ముందే దూకేశావమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని విరుచుకుపడ్డారు.

పిచ్చుక నిచ్చెన వైపు చూసింది. అతను నోరు తెరవాల్సింది అప్పుడే. ముప్పైమంది ముందు ఏమని తెరుస్తాడు? తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా నిలబడ్డాడు.

"అవును మాస్టారూ, తొందరపడ్డట్టున్నాను," అంది ఆమె, మణికట్టు పట్టుకుని.

ఎముక విరగలేదు, బెణికింది. చేతికి పట్టీ కట్టుకుని మర్నాడే వచ్చింది గానీ, పరుగు చెడిపోయింది. ఆరో అడుగు దగ్గర ఆగిపోతుంది. మళ్లీ మొదలుపెడుతుంది, మళ్లీ ఆగిపోతుంది. బుధవారం మాస్టారు విసిగిపోయి, శుక్రవారానికి కుదరకపోతే ఆ పాత్ర ఇంకొకరికి ఇచ్చేస్తానన్నారు. అది ఆమెకు దొరికిన మొదటి పెద్ద పాత్ర. నిచ్చెన ఆ మాట విన్నాడు, విని బూట్ల తాళ్లు కట్టుకున్నాడు. అవి అప్పటికే కట్టి ఉన్నాయి.

ఆ సాయంత్రం ఇంట్లో అతని అక్క ఉతికిన బట్టలు మడతపెడుతుంటే బెల్టు బయటపడింది. బావగారు దాన్ని తీసుకుని తన బొజ్జకు ఆనించి చూసుకున్నారు.

"ఒరేయ్, ఇది నాకు కుట్టించినట్టుందిరా! మధ్యలో నీకెందుకు?"

అక్క పగలబడి నవ్వింది. బావగారు అతనికి రెండింతలుంటారు. నిచ్చెనకు నవ్వు రాలేదు. "ఇలా ఇవ్వు బావా," అని గుంజుకుని లోపలికి పోయాడు.

గురువారం మెట్ల దగ్గర పిచ్చుకే అతన్ని ఆపింది.

"నీ నడుం ఏమైనా పట్టేసిందా? ఆ రోజు వంగిపోయావు. నేను ముందే దూకి నీకు దెబ్బ తగిలించానేమో అని. చెప్పలేదు నువ్వు. సారీ."

"అబ్బే, నాకేం కాలేదు," అన్నాడు. ఆమె మెట్లు దిగిపోయింది. తప్పు తనదైతే ఆమె చేత క్షమాపణ చెప్పించుకున్నాడు. మనిషి పుట్టుక పుట్టినందుకు సిగ్గేసింది. ఇక ఉండబట్టలేక తిన్నగా దుస్తుల గదికి పోయి, అడక్కుండానే టేపు ముందు నిలబడ్డాడు.

మీడియమే. కర్టెన్ వెనక పదిసార్లు ఎగిరాడు.

"కదిలిందా?"

"కదల్లేదు పిన్నీ."

బయటికొచ్చేసరికి, అతను విప్పి కర్టెన్ మీద వేసిన పాత బెల్టు ఆమె చేతిలో ఉంది. పెదాల మధ్య నుంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. "సోమవారం వేసుకున్నది ఇదేనా?"

"ఇదే."

"నాకు చెప్పి ఏం లాభం నాయనా?" అని పాతదాన్ని బుట్టలో పడేసింది.

శుక్రవారం ఉదయం అందరూ చేరాక నిచ్చెన హాలు మధ్యకు వచ్చాడు.

"మాస్టారూ, సోమవారం ఆమె ముందుగా దూకలేదు. నా బెల్టు జారింది. కొలవనివ్వకుండా నేనే పెద్ద సైజు అడిగి తీసుకున్నాను. నొప్పికి చేతులు దించేశాను. ఆ రోజే చెప్పాల్సింది, సిగ్గుపడ్డాను."

"ఎంత పెద్దదేంటి?" అన్నారెవరో వెనక నుంచి. హాలంతా గొల్లుమంది. నేల చీలితే బాగుండుననుకున్నాడు.

పిచ్చుక నవ్వలేదు. "నాలుగు రోజులుగా మా ఇంటి మెట్లెక్కుతున్నా అడుగులు లెక్కపెట్టుకుంటున్నాను. నా కాళ్లను నేనే నమ్మడం మానేశాను. నువ్వు చూస్తూనే ఉన్నావు కదా?"

నవ్వు ఆగిపోయింది. అతను తల దించుకున్నాడు. చూస్తూనే ఉన్నాడు మరి.

"పాత్ర నీదేనమ్మా. తొందరపడింది నేను," అన్నారు మాస్టారు మెల్లగా. "నిన్ను ఎవరు పట్టుకోవాలో కూడా నువ్వే చెప్పు."

ఆమె నిచ్చెన వైపు తిరిగి, "ఎగురు. పదిసార్లు," అంది.

అందరి ముందూ ఎగిరాడు. ఆమె లెక్కపెట్టింది.

"కదిలిందా?"

"కదల్లేదు."

ఆమె మూలకు వెళ్లి నిలబడింది. అతను గెంతి దిగి చేతులు చాచాడు. పరుగు మొదలైంది. నాలుగు, ఐదు, ఆరు. ఆగిపోయింది. ఆమె కళ్లు నేల మీద లేవు, అతని చేతుల మీద ఉన్నాయి.

"రేపు చూద్దాం," అని పక్కకు వెళ్లి కుర్చీలో కూర్చుని, మణికట్టు పట్టీ విప్పి మళ్లీ బిగించుకోసాగింది.

నిచ్చెన చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. వాటిని దించడానికి అతనికి మొహం చెల్లలేదు.