దాసు మంచోడన్న కాగితం

ఏటి అవతలి దలా నుంచి పడవ దిగొచ్చే చేపలమ్మే మనిషి తనతో చెప్పిందని పక్కింటి రాధారాణి చిన్నమ్మితో చెప్పింది. దలాలో ఉన్నప్పుడు దాసు తన మేనల్లుణ్ణి ఇనపగొట్టంతో బాది చెయ్యి విరిచాడట, సంగతి ఠాణా దాకా వెళ్లిందట. "నాకెందుకులే గాని, నీ పిల్ల ఎక్కేది ఆడి బండేగా?" అని అంటించి లోపలికి పోయింది.

చిన్నమ్మి మింగళాడోన్‌లో బట్టల ఫ్యాక్టరీకి పోతే, నాలుగేళ్ల కూతురిని సంచౌంగ్‌లోని తెలుగు సంఘం బడికి బండిలో తీసుకెళ్లి తెచ్చేది ఆ దాసే. నెల కిందటే డ్రైవరుగా చేరాడు.

శనివారం సాయంత్రం బడిలోనే జరిగిన సంఘం మీటింగులో దాసు సంగతి అడిగేసింది. ప్రెసిడెంటు సత్తిరాజు బీరువాలోంచి కాగితం తీసి బల్ల మీద కొట్టాడు.

"సూడు. పేట ఆఫీసు ముద్ర. ఈ మనిషి మీద కేసులేటీ లేవని రాసుంది. ఫీజు ఆడి సేతే కట్టించాం."

చిన్నమ్మి చదివింది.

"దాసు అని రాసుందేటి? అది మనోళ్లు పిలిసే పేరు. గవర్నమెంటు కార్డులో ఆడిది బర్మీసు పేరు, కో అవుంగ్ విన్. దాసు మీద కేసెక్కడ దొరుకుతాది? మీ కార్డులో సత్తిరాజని ఉందా, పెదనాన్నా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సత్తిరాజు మొహం కందగడ్డయింది. దరఖాస్తు నింపింది ఆయనే. గుళ్లో అర్చన చీటీలు రాసే చెయ్యి, అలవాటుగా ఇంట్లో పిలిచే పేరే రాసేసింది.

"అయితే ఏటంతావు? ఆడు రెండోసారి ఫీజు కట్టడు. గవర్నమెంటు ఇవ్వదు. సంఘంలో దానికి పద్దు లేదు. అంత బయ్యముంటే నువ్వే కట్టు."

"తప్పు రాసింది మీరు. కట్టాల్సింది నానా?"

"ఒకరికని మొదలెడితే రేపు ఆయాకీ, వంటమనిషికీ కూడా కాగితాలు మళ్లీ తియ్యమంతారు," అన్నాడు కోశాధికారి కనకరాజు. "నచ్చకపోతే పిల్లని ఇంటికాడ ఉంచుకోవమ్మా. నిన్నెవులు బతిమాలేరు?"

ఇంట్లో ఉంచుకుంటే ఫ్యాక్టరీ పని పోతుందని ఆ గదిలో అందరికీ తెలుసు.

కిటికీ బయట దాసు హారన్ కొట్టాడు. పిల్లలు తోసుకుంటూ బండెక్కుతున్నారు. సత్తిరాజు మనవరాలు మాత్రం ఎప్పటిలాగే తాతగారి కారు తలుపు దగ్గర నిలబడి ఉంది.

చిన్నమ్మి కాగితాన్ని ఆయన వైపు తోసింది.

"కాగితం అంత మంచిదైతే, ఈ పూట మీ మనవరాల్ని దాసు బండెక్కించండి పెదనాన్నా. ఎనకాల నా పిల్లని ఎక్కిస్తాను."

సత్తిరాజు మనవరాలి వైపు చూడకుండా, కాగితం మళ్లీ లోపల పెట్టడానికి బీరువా తాళాలు వెతుక్కోసాగాడు.