మీసాల సజ్జ

ఉదయగిరి కొండ కింద మీసాల సజ్జ పండేది మా తోడికోడలు వరదమ్మక్క చేలోనే. కంకి నిండా గరుకు మీసాలు పొడుచుకొని ఉండేవి, పిట్ట వాలేది కాదు. ఆ విత్తనం మా బావ పెంచలనరసయ్యది. యుద్ధానికి ముందు రంగూను పోతూ, "విత్తనం పోనియ్యబాక. నేనొచ్చి కంకి నిమిరితే చాలు, మన చేనేనని తెలస్తాది" అని అక్కతో చెప్పి వెళ్లాడు.

యుద్ధం అయిపోయింది, స్వాతంత్ర్యం కూడా వచ్చింది, బావ మాత్రం రాలేదు. బొట్టు తీసేయమన్న పెద్దవాళ్లను అక్క గడప తొక్కనివ్వలేదు. రోజూ సాయంత్రం బస్సు వచ్చే వేళకు వాకిట్లో నిలబడేది. బావ వస్తాడన్న ఆశ నాకు లేదు. ఆ మాట అక్క ముందు అనే ధైర్యమూ లేదు.

చేలో కొడవలి పెట్టకముందే విత్తనపు కంకులు ఏరుకోవడం మా ఇళ్లలో ఆనవాయితీ. అక్క తలస్నానం చేసి చేలోకి దిగేది. అన్నింటిలోకీ పెద్దవి, బరువైనవి ఏరి, కట్ట కట్టి, వంటింటి పొగ తగిలేలా దూలానికి వేలాడదీసేది. బావ కోసం మంచివే దాచాలని ఆమె తాపత్రయం.

ఇంతలో పక్క చేను ఆదినారాయణ వ్యవసాయ శాఖ వాళ్లిచ్చిన కొత్త సజ్జ వేశాడు. నున్నటి కంకి, మూరెడు పొడవు. ఊరంతా కళ్లప్పగించి చూసింది. అక్క మాత్రం మూతి తిప్పింది.

"మీసం గొరిగిన మగోడి మాదిరి ఉండాది" అంటే నేను పొట్ట పట్టుకొని నవ్వాను.

ఆ తరవాత ఏటికేడాది అక్క చేలోనూ కంకులు పెద్దవవుతూ వచ్చాయి. తన చేతి చలవేనని మురిసిపోయింది; ఏరేటప్పుడు బరువే చూసింది గాని ఇంకేదీ పట్టించుకోలేదు. ఒక ఏడు పిట్టలు గుంపులుగా దిగాయి. వాటిని తోలబోయి అక్క ఒక కంకి నిమిరింది. ఇంకోటి నిమిరింది. అన్నీ నున్నగానే తగిలాయి.

"ఏందే ఇది? ఆయనొచ్చి నిమిరితే మన చేను కాదని దాటి పోడూ!" అంటూ గట్టు మీద కూలబడి ఏడ్చింది. బొట్టు తీయమన్నప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు.

మర్నాడే ఆత్మకూరు బస్సెక్కించి వ్యవసాయ శాఖ ఆఫీసుకు తీసుకుపోయాను. అక్కడి సామ్యేలు గారు ఓపిగ్గా విన్నారు.

"సజ్జ పుప్పొడి గాలికి పోతాదమ్మా. పక్క చేలోది మీదాంట్లో కలిసిపోయినాది. కలిసినవాటికే కంకి పెద్దది. మీరేమో పెద్దవే ఏరినారు. కొత్త రకం మంచిదే, కానీ మీకు మీసం కావాలంటే మీసాన్నే చూసి ఏరాల."

"ఇంక రాదా, సార్?"

"ఒక్క కంకి మిగిలున్నా చాలు. వేరే సజ్జ లేని చోట, దూరంగా వేయండి. కంకి బయటికి రాంగానే, పుప్పొడి రాలకముందే, నున్నటివి పీకేయండి. నాలుగైదు పంటలకు మీ రకం మీకొస్తాది."

తిరిగొచ్చి ఇద్దరం చేనంతా గాలించాం. ఒక మూల, పీలగా, ఒకే ఒక్క మీసాల కంకి దొరికింది. అక్క దాన్ని చెంపకు ఆనించుకొని కళ్లు మూసుకుంది. నేను అటు తిరిగి నిలబడ్డాను.

సాయంత్రం బస్సు హారన్ వినిపించింది. అక్క వాకిట్లోకి పోలేదు. కంకిని ఒళ్లో పెట్టుకొని, మెల్లగా అంది:

"ఇప్పుడే రాబాకయ్యా. ఇంకో నాలుగు పంటలు తాళు."