అందరికీ ఒకటే తాళం

మా వీధిలో ఫోన్లు బాగుచేసే మనిషిని అందరూ చిట్కా అంటారు. ఏ ఫోనుకు ఏ జబ్బు చేసినా అతని దగ్గర ఒక చిట్కా ఉంటుంది. నీళ్ళలో పడ్డ ఫోనును చెవి దగ్గర పెట్టుకుని, అది ఎవరింటి బక్కెట్లో మునిగిందో చెప్పేవాడట. నేను నమ్మాను. మీ ఇష్టం మీది.

కొత్త ఫోను కొన్నవాళ్ళు మెసేజీలకూ వీడియో మాటలకూ ఖాతా తెరిపించుకోవడానికి నేరుగా అతని దగ్గరికే తెచ్చేవారు. "పాస్‌వర్డ్ ఏదో ఒకటి నువ్వే పడెయ్ నాయనా" అని బల్ల మీద పెట్టేసి కూరగాయలకు పోయేవారు. మనిషికొకటి ఆలోచించే ఓపిక అతనికెక్కడిది? వీధి మొత్తానికీ ఒకటే పెట్టాడు. షాపు పేరు, దాని వెనకాల ఒకటి రెండు మూడు. వేరే ఫోను నుంచి ఎవరైనా ఖాతాలోకి రాబోతే కోడ్ అడిగే రెండో తాళం ఒకటుంటుంది. ఆ కోడ్ కోసం ముసలీ ముతకా అందరూ షాపుకొచ్చి ప్రాణం తీస్తారని దాన్నీ తీసేశాడు.

మరిచిపోయినవాళ్ళు రోడ్డుకు అవతల నుంచి కేకేసి అడిగేవారు. ఇతను ఇవతల నుంచి కేకేసి చెప్పేవాడు. క్షౌరశాలలో ఉన్న చిలక తన పేరు మరిచిపోయి, పొద్దస్తమానం ఆ పాస్‌వర్డే వల్లించేది. దానికి ఫోను లేదు కాబట్టి బతికిపోయాం.

చిలక్కి లేకపోతేనేం, విన్నవాళ్ళకు ఉంది. ఎవరో ఒకరు ఆ మాట పట్టుకుని పెద్దమ్మ ఖాతాలోకి దూరారు. ఎవరన్నది ఇప్పటికీ తెలియదు.

పెద్దమ్మంటే వీధి చివర కర్టెన్లు కుట్టే ఆవిడ. చిట్కాకు చుట్టమేమీ కాదు, అందరికీ పెద్దమ్మే. ఆవిడకొక చెల్లెలు, చాలా దూరాన కొడుకు దగ్గర ఉంటుంది. పుట్టుకతో చెవుడు, మాట రాదు, చదువూ అబ్బలేదు. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ కూర్చుని చేతులతో ఒక భాష కల్పించుకున్నారు. అది తెలిసినవాళ్ళు లోకం మొత్తం మీద ఆ ఇద్దరే. మధ్యాహ్నం కాగానే పెద్దమ్మ మిషను ఆపి, ఫోనును నూనె డబ్బాకు ఆనించి, వీడియోలో చెల్లెలితో చేతులు తిప్పేది. ఒక్కోసారి ఇద్దరూ ఎంత జోరుగా మాట్లాడుకునేవారంటే, ఆ గాలికి కర్టెన్లు కిటికీలోంచి బయటికి ఎగిరేవి.

లోపల దూరినవాడు పెద్దమ్మ పేరుతో అందరికీ ఒక లింకు పంపాడు. అక్క పంపింది కదా అని చెల్లెలు అందరికంటే ముందు నొక్కింది. ఆవిడ ఖాతా కూడా పోయింది. ఆవిడ కొడుకు తల్లి ఖాతాను ఎలాగో వెనక్కి తెచ్చుకుని, పెద్దమ్మను మాత్రం బ్లాక్ చేసేశాడు. చేసి ఊరుకోక, ఫోను చేసి నాలుగు మాటలు అన్నాడు.

పెద్దమ్మ మొహం వేలాడేసుకుని షాపుకొచ్చింది.

"నేనే ఏదో నొక్కేసి ఉంటాన్రా. కళ్ళజోడు లేకుండా చూస్తాను కదా."

లోపలికి ఎలా వచ్చారో చిట్కాకు ఫోను తెరిచిన క్షణంలోనే అర్థమైంది. అయినా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. "అంతే అయ్యుంటుందిలే పెద్దమ్మా. పెద్దవాళ్ళు నొక్కేస్తుంటారు."

"నాకెందుకొచ్చిన ఫోను చెప్పు" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు మిషను ఆగలేదు. షాపులో కూర్చున్న చిట్కాకు ఆ టకటకలు ఒక్కొక్కటీ నెత్తిన మొట్టినట్టు ఉండేవి. అన్నం సయించలేదు. ఎంత పరధ్యానమంటే, ఒకాయన ఫోనుకు తెర తలకిందులుగా బిగించి ఇచ్చాడు. ఆయన పాపం నెల తిరిగేదాకా శీర్షాసనం వేసి మెసేజీలు చదువుకున్నాడు.

భార్య కనిపెట్టింది. "ఏంటలా ఉన్నావ్?"

"పెద్దమ్మ తప్పేం లేదు. నాదే."

"ఆ మాట నాకు చెప్తే ఏం లాభం?"

"చెప్తే ఇంకెవరూ షాపు మెట్లెక్కరు."

"ఎక్కకపోతే ఇంట్లో ఉందువుగాని. నీ మొహం ఇలా ఎన్నాళ్ళు చూడమంటావ్?"

చిట్కా షట్టరు దించి పెద్దమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ తలెత్తకుండా కుడుతోంది. ఫోను గుండీల డబ్బాలో, గుండీల అడుగున ఉంది.

"పెద్దమ్మా, నువ్వేం నొక్కలేదు. వీధికంతా ఒకటే పాస్‌వర్డ్ పెట్టాను. అదీ రోడ్డు మీద అరిచాను. రెండో తాళం కూడా నేనే తీసేశాను. నువ్వు షాపుకొచ్చిన రోజే నాకు తెలుసు."

మిషను ఆగింది.

"తెలిసి కూడా నేనే నొక్కేసుంటానన్నావా?"

"అన్నాను."

"మా చెల్లెలు ఏమనుకుంటోందో తెలుసా? నేను పోయానని అయినా అనుకుంటుంది, లేదా అలిగానని. దానికి ఎవరు చెప్తారు? ఎలా చెప్తారు?"

చిట్కా దగ్గర దానికి చిట్కా లేదు. గుండీలు దులిపి ఫోను తీసి, పెద్దమ్మ నంబరుకు కోడ్ తెప్పించి ఖాతాను వెనక్కి లాగాడు. కానీ అవతల గడియ తీయాల్సింది చెల్లెలి కొడుకు. పెద్దమ్మ ఎదుటే అతనికి ఫోను చేసి, స్పీకరులో పెట్టి, ఉన్నదంతా మళ్ళీ చెప్పాడు.

"అంటే మా పెద్దమ్మ ఏం చెయ్యలేదా?" అన్నాడు అతను.

"ఏం చెయ్యలేదు. ముందు మీ అమ్మగారితో కలపండి. తర్వాత నన్ను ఎంతైనా తిట్టండి."

"పెద్దమ్మా, నేను ఆ రోజు..." అని అతను ఆగిపోయాడు.

"సర్లేరా. అమ్మను కూర్చోబెట్టు" అంది పెద్దమ్మ.

చిట్కా రెండో తాళం బిగించాడు. "ఇప్పుడు కొత్త పాస్‌వర్డ్. ఒకదానికొకటి పొంతన లేని మాటలు మూడు నాలుగు అనుకుని నువ్వే కొట్టు పెద్దమ్మా. నాతో కూడా చెప్పకు. ఇంకెక్కడా అదే వాడకు. రేపు షాపు తీసి వీధిలో అందరినీ పిలుస్తాను. ఎవరిది వాళ్ళే మార్చుకుంటారు."

"ఎందుకో చెప్తావా?"

"చెప్తాను."

"అయితే అటు తిరుగు."

చిట్కా గోడవైపు తిరిగాడు. వెనకాల ఆవిడ ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని కొడుతోంది. ఆ తర్వాత ఫోను నూనె డబ్బాకు ఆనించిన చప్పుడు. అవతల మోగింది, ఎత్తారు. ఇక ఏ చప్పుడూ లేదు. చీర కొంగు రెపరెప, ఒకసారి ముక్కు చీదిన శబ్దం, అంతే. తన గురించి అక్కాచెల్లెళ్ళు ఏమనుకుంటున్నారో వినడానికి చిట్కాకు ఒక్క మాటైనా దొరకలేదు.

ఇటు తిరగమని పెద్దమ్మ అనలేదు. అడిగే మొహం అతనికి లేదు. పొద్దు వాలి కర్టెన్ల నీడ గోడ మీద అతని భుజం దాటి పైకి పాకింది. అతను అలాగే నిలబడి ఉన్నాడు.